అందించని మాట

"కత్తి మొనతోటి కెలుకు," అన్నాడు దశరథం. "చెయ్యి పెట్టకు. నువ్వు రాజువు. కూలోని మూటల చెయ్యి పెడితే ఇగ నీ రాజరికం ఏముంటది?"

పద్మశాలి సంఘం భవనంలో కుర్చీలన్నీ గోడకు నెట్టి చేసిన జాగాలో ఓంప్రకాశ్ ముందుకు వంగాడు. చేతిలో ఉన్నది వెదురు కర్ర. ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్న కొండల్‌ది ముసలి కూలివాడి వేషం. అతని ముందు పరిచిన తువ్వాలలో అన్నానికి బదులు గుప్పెడు పేలాలు పోశారు. ఓంప్రకాశ్ కర్ర కొనతో వాటిని అటొకసారి, ఇటొకసారి కెలికి, అడుగుదాకా పోనిచ్చి చప్పున పైకెత్తాడు. సగం పేలాలు బండల మీద చెల్లాచెదురయ్యాయి.

ఎంత బాగా కెలికాడని. ఆ పనిలో దశరథం అతనికి నేర్పవలసింది ఏమీ లేకపోయింది.

దశరథం పాటకు కొట్టే తాళాలు పట్టుకుని అతని మొహమే చూస్తున్నాడు. ఎక్కడైనా, కనురెప్ప దగ్గరైనా సరే, పెదవి చివరనైనా సరే, ఏదో ఒకటి గుర్తొచ్చిన జాడ కనిపిస్తుందేమోనని ఆరు రోజులుగా చూస్తున్నాడు. ఓంప్రకాశ్ తలెత్తి, కొత్తగా బడిలో చేరినవాడి లాగ అడిగాడు.

"గిట్ల సరిపోతదా పంతులు?"

"మస్తు సరిపోతది," అన్నాడు దశరథం. "కని మాట లోపట్నే ఉంటది. గట్టిగ అను. ఎనుక కూసున్నోళ్లకు ఇనవడాలె."

మార్కండేయ జయంతికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. చొప్పదండి దారిలో ఉన్న ఆ ఊళ్లో ఏటా ఆ పండుగకు నేత పని చేసే సాలోళ్లు యక్షగానం కడతారు. ఆడించే పంతులు దశరథం. దీపం పెట్టి పాట మొదలుపెట్టిన రోజు నుంచి ఆట ముగిసేదాకా ఎంతటివాడైనా అతన్ని పంతులు అనాలి, మీరు అనాలి. పంతులు మాత్రం ఎంతటివాడినైనా నువ్వు అనవచ్చు, కొట్టవచ్చు కూడా. రాజు వేషం ఎవరిదంటే, పెద్దపల్లి నుంచి వచ్చే కిరీటాలకూ భుజకీర్తులకూ కిరాయి పెట్టుకున్నవాడిది. ఈ ఏడాది అది ఓంప్రకాశ్. ఇరవై నాలుగు సాంచాల, అంటే కరెంటు మగ్గాల, ఆసామి. పొద్దంతా దశరథం ఆరు సాంచాలు నడిపేది ఆయన కార్ఖానాలోనే. అక్కడ ఓంప్రకాశ్ సేటు, దశరథం ఉత్త దశరథం. సేటు రాజవుతున్నాడు గనుక ఈ పది రోజులు కార్ఖానా సాయంత్రం ఐదింటికే మూస్తున్నారు. కళ మీద అంత ప్రేమ ఆయనకు.

కార్తీకంలో ఆ కార్ఖానాలో నాలుగు జరీ రీళ్లు కనిపించకుండా పోయాయి. ఆ సాయంత్రం అందరికన్నా చివర బయటికి వచ్చినవాడు దశరథం. గేటు దగ్గర ఓంప్రకాశ్ అతన్ని ఆపి, డబ్బా విప్పమన్నాడు. దశరథం విప్పాడు. మధ్యాహ్నం తినగా మిగిలిన అన్నం ఉంది అందులో. ఓంప్రకాశ్ చెవి మీది పెన్ను తీసి, అన్నాన్ని అటొకసారి, ఇటొకసారి కెలికి, అడుగుదాకా పోనిచ్చి పైకెత్తాడు. నూలు కండెలు చుట్టే ఆడవాళ్లూ సాంచాలు నడిపేవాళ్లూ కలిసి ఇరవై మంది చూస్తున్నారు. అందులో దశరథం భార్య సత్తమ్మ కూడా ఉంది. ఏమీ దొరకలేదు. "పో," అన్నాడు ఓంప్రకాశ్, పెన్ను తుడుచుకుంటూ.

అక్కడితో అయినా ఆగితే దశరథం మరిచిపోయేవాడేమో. పదకొండో రోజున ఆ నాలుగు రీళ్లూ సత్తమ్మ చేతికే పని కోసం వచ్చాయి. అంచుల మీద పసుపు మరకలు. పెట్టె విప్పిన రోజు ఆఫీసు గదిలో పూజకు పెట్టి, పటం వెనకే మరిచిపోయిన రీళ్లవి. ఓంప్రకాశ్ వాటిని తెచ్చి ఆమె ముందు పెట్టి, మారు మాట లేకుండా వెళ్లిపోయాడు. ఊళ్లో మాత్రం మాట మిగిలింది. టీ కొట్టు దగ్గర దశరథం వచ్చి కూర్చుంటే ఎవరో ఒకరు జేబు తడుముకుని నవ్వేవారు. తమాషాకే. అందరూ తమాషాకే నవ్వుతారు.

అందుకే దశరథం పండుగకు ఈ ఆట ఎంచుకున్నాడు. సంఘం పెద్దలు తెలిసిన కథ ఏదైనా కట్టమన్నారు. అతను వినలేదు. చనిపోయిన తన గురువు రాంచందర్ పంతులు రాసిన ప్రతిని పెట్టె అడుగు నుంచి తీశాడు. ముప్పై ఏళ్లుగా ఎవరూ ఆడని ఆట. ధీరసేన మహారాజు కథ. మొదటి రంగంలో రాజు మదంతో ఒక ముసలి కూలివాడి మూట నలుగురిలో విప్పించి దొంగ అంటాడు. పోయిన ఉంగరం తన పరుపు కిందే దొరికినా నోరు మెదపడు. తరువాత శత్రువు చేతిలో రాజ్యం పోతుంది. పన్నెండేళ్లు అడవుల్లో, ఊళ్లలో కూలి చేసి బతుకుతాడు. ఒక ఊరి అంగడిలో అతని మీదే దొంగతనం పడుతుంది, అతని మూటే విప్పుతారు. ఆ అంగడి రంగం కోసమే దశరథం ఈ ప్రతి తీశాడు. ఆ తరువాత రాజు ఏమవుతాడో అతనికి అంతగా పట్టలేదు.

సత్తమ్మ అన్నం వడ్డిస్తూ గూటి వైపు చూసింది. గూట్లో స్టీలు డబ్బా బోర్లించి ఉంది. కార్తీకం నుంచి అది అట్లాగే ఉంది. దశరథం పొద్దున ఎనిమిదింటికి పోయి సాయంత్రం వచ్చేదాకా రెండు టీలతోనే ఉంటున్నాడు. మనిషి సగమయ్యాడు.

"నువ్వు తినకపోతే ఆయనకేమైతది?" అంది. "మాడేది నీ కడుపే."

"మాడనియ్యి. మాడినన్ని దినాలు యాదుంటది."

"మూడు నెలలాయె. ఇంక ఎన్ని దినాలు యాదుంచుకుంటవు?"

కంచంలో పప్పు కలుపుతున్న దశరథం వేళ్లు ఆగాయి. ఆకలి మండుతున్నా, ఈ మధ్య అన్నం కలిపినప్పుడల్లా ఆ పెన్ను కనిపిస్తోంది. నీలం రంగు పెన్ను, మూత కొరికి ఉన్నది.

"నేను అప్పుడే చెప్తా అంటి," అంది సత్తమ్మ. "రీళ్లు నా చేతికే వచ్చినయి, అందరి ముంగట చెప్తా అంటే వద్దంటివి."

"నువ్వు చెప్తే ఏమైతది? మొగన్ని ఎనకేసుకొస్తది అంటరు. నిన్ను గుడ పనిలకెళ్లి తీసేస్తరు. ఆయనే చెప్పాలె. ఆయన నోటితోని, అందరి ముంగట చెప్పాలె."

"చెప్తడా ఆయన?"

"చెప్పడు," అన్నాడు దశరథం, ఎంతో నెమ్మదిగా. "చెప్పకపోతే నాకు చాతనైంది నేను చేస్త."

సత్తమ్మ మొగుడి మొహం చూసి భయపడింది. ముప్పై ఏళ్ల కాపురంలో అతను ఇంట్లో చెయ్యెత్తి కోడిని కూడా అదిలించినవాడు కాదు.

మరునాడు కార్ఖానాలో నాలుగో సాంచా పోగులు తెంపుతోంది. దశరథం పోగులు దూరే అచ్చు మీదికి వంగి, తెగిన పోగును నాలుక తడితో పురిపెట్టి, ముడేసి, కొనలు గిల్లేశాడు. ఇరవై నాలుగు సాంచాల మోతలో మనిషి మాట వినాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి. ఆ మోత దశరథానికి కొత్త కాదు. దాని దెబ్బకే తాళం కట్టుకుని అతను ఎన్నో ఆటల దరువు పాటలు బట్టీ పట్టాడు. ఈ మూడు రోజులూ లోపల ఒకటే దరువు నడుస్తోంది. అంగడి రంగంలో భటుడు మూట విప్పినప్పుడు రాజు పాడే దరువు.

*మెతుకులే గదరా నా మూటలో, మీ మణులు లేవురా...*

ఓంప్రకాశ్ వచ్చి భుజం తట్టాడు. "దశరథం, గా రెండోది ఆగింది సూస్తలేవా? యాడ ఉంటది నీ పానం?"

"సూస్తన్న సేటు," అన్నాడు దశరథం. వెళ్లి పోగు మోసే నాడెలో కండె మార్చి సాంచాను నడిపాడు.

సాయంత్రం అదే ఓంప్రకాశ్ చెప్పులు గుమ్మం బయట విడిచి, సంఘం భవనంలోకి వచ్చి, దీపానికి మొక్కి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అంగడి రంగం వంతు వచ్చింది. ఇప్పుడు కొండల్ భటుడు, ఓంప్రకాశ్ దొంగ అనిపించుకున్న రాజు. కొండల్ మర్యాదగా మూట విప్పబోయాడు.

"గట్ల కాదు," అన్నాడు దశరథం. "కట్టె పెట్టి కెలుకు. అటొకసారి, ఇటొకసారి. అడుగుదాక పోనియ్యి. సేటు అని భయపడకు, ఈడ సేటు లేడు."

కొండల్ కెలికాడు. ఓంప్రకాశ్ దరువు ఎత్తుకోవాలి. నోరు తెరిచాడు, మూశాడు.

"యాదికొస్తలేదు పంతులు. గిదొక్కటే వస్తలేదు. ఏదో మెతుకుల కాడ ఉన్నది."

వేరే ఏ ఏడాదైనా, వేరే ఎవరైనా అయితే తాళం పెట్టి తొడ మీద ఒకటి ఇచ్చి, వందసార్లు పాడించి ఇంటికి పంపేవాడు దశరథం. అతని చేతి కింద దరువు రాని రాజు ఇంతవరకు గజ్జె కట్టలేదు. ఇప్పుడు మాత్రం నవ్వాడు.

"ఫికర్ చెయ్యకు. నేను నీ ఎనుకనే ఉంట గద. మొదటి మాట అందిస్త, మిగిలింది అదే వస్తది."

"మీరున్నంక నాకేం పరేషాన్," అన్నాడు ఓంప్రకాశ్ తేలికపడి. తరువాత కొంచెం సందేహంగా, "ఒక్క మాట పంతులు. ఆఖరికి శత్రువును కట్టేసి తెస్తే రాజు ఇడిసిపెట్టి నీళ్లిస్తడు గద. జనం నమ్ముతరా? పన్నెండేండ్లు గన్ని తిప్పలు పడ్డోడు నరుకడా? నేనైతే నరుకుత."

దశరథం అనుకుంటున్నదీ అదే. ఈ మనిషితో ఏ విషయంలోనూ ఏకీభవించకూడదని అనుకున్నాడు, తీరా ఇక్కడ కుదిరింది.

"ప్రతిల గట్లనే ఉన్నది," అన్నాడు పొడిగా. "ఉన్నదే ఆడాలె."

అందరూ వెళ్లాక స్టీఫెన్ హార్మోనియం పెట్టె మూస్తూ మిగిలాడు. ఆదివారం పొద్దున మెథడిస్టు చర్చిలో, మిగతా రోజుల్లో ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గర వాయించే మనిషి. పాతికేళ్లుగా దశరథం ఆటకు శ్రుతి అతనిదే.

"అన్నా," అన్నాడు తిత్తి కట్టేస్తూ. "గా దరువు ఆయనకు రానిస్తలేవెందుకు?"

"ఆయనకే వస్తలేదు."

"నీ చేతుల రానోడు ఉంటడా? నాకు చెప్తవా గా ముచ్చట?"

దశరథం ప్రతిని బట్టలో చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు. చివరికి, "స్టీఫెన్, కష్టపడ్డోడు మెత్తవడుతడా, గట్టివడుతడా?" అని అడిగాడు.

"ఎవల కష్టం వాళ్లది అన్నా. నేను పెట్టె వాయించెటోన్ని." స్టీఫెన్ లేచి పెట్టెను భుజానికి ఎత్తుకున్నాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు. "నువ్వు మాట ఆపితే ఆపు. నేను మాత్రం శ్రుతి ఆప. అది నా పని."

మైకుకు పది దాటితే పర్మిషన్ లేదు గనుక పండుగ రోజు సాయంత్రం ఐదింటికే ఆట మొదలైంది. సంఘం ముందరి ఖాళీ జాగాలో నాలుగు వందల మంది దాకా కూర్చున్నారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచీ వచ్చారు. ఓంప్రకాశ్ అత్తగారి వైపు వాళ్లు కరీంనగర్ నుంచి రెండు కార్లలో దిగి ముందు వరుసలో కుర్చీలు వేయించుకున్నారు. కార్ఖానా వాళ్లు ఎడమ వైపు ఒక దగ్గర కూర్చున్నారు. సత్తమ్మ అన్నిటికన్నా వెనుక, గోడకు ఆనుకుని నిలబడింది.

ఓంప్రకాశ్ మొహానికి పసుపుపచ్చని అర్దళం పూసి, కళ్లకు కాటుక దిద్ది, కిరీటం పెట్టుకుని వస్తే నిజంగానే రాజులా ఉన్నాడు. ఈ సంగతి దశరథం ఒప్పుకోక తప్పదు. తెర తియ్యక ముందు ఆనవాయితీ ప్రకారం పంతులు కాళ్లకు మొక్కాడు. మొక్కినవాడి తల మీద చెయ్యి పెట్టాలి. దశరథం తాళాలు సర్దుకుంటున్నట్టు ఉండిపోయాడు.

మొదటి రంగంలో రాజు కత్తి మొనతో కూలివాడి మూట కెలికినప్పుడు ముందు వరుసలో చప్పట్లు కొట్టారు. ఎడమ వైపు నుంచి చప్పట్లే వినిపించలేదు. కండెలు చుట్టే ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రాజ్యం పోయింది. కిరీటం పోయింది. ఓంప్రకాశ్ నెత్తికి పాత తువ్వాల చుట్టి, భుజాన మూటతో అంగడిలోకి వచ్చాడు. వెనుక రెండడుగుల దూరంలో దశరథం తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. అందించే పంతులు నిలబడేది అక్కడే. మూడు నెలలుగా ఆకలితో పెంచిన పగ ఇప్పుడు గొంతు దాకా వచ్చి కూర్చుంది.

కొండల్ భటుడై మూట గుంజి కింద పెట్టి విప్పాడు. ఈసారి అందులో నిజమైన అన్నమే ఉంది. దశరథమే పెట్టించాడు. కొండల్ కట్టెతో అటొకసారి, ఇటొకసారి కెలికి, అడుగుదాకా పోనిచ్చి పైకెత్తాడు. మెతుకులు రాజు పాదాల మీద పడ్డాయి.

స్టీఫెన్ శ్రుతి పెంచాడు. తబలా ఒక చుట్టు తిరిగి, దరువు కోసం దారి ఇచ్చి ఆగింది.

ఓంప్రకాశ్ నోరు తెరిచాడు. ఆ మాట రాలేదు. ఆదుర్దా పడకుండా, తల కొంచెం వెనక్కి తిప్పి, మాట అందుతుందని చెవి ఇచ్చాడు. దశరథం పెదవులు మూసుకుని తాళాల వైపు చూస్తున్నాడు.

తబలా మళ్లీ ఒక చుట్టు తిరిగి ఆగింది. ఈసారి ఓంప్రకాశ్ పూర్తిగా వెనక్కి తిరిగి పంతులు కళ్లలోకి చూశాడు. దశరథం కూడా తలెత్తి చూశాడు. ఆ చూపులోనే ఓంప్రకాశ్‌కు అంతా తెలిసింది. అర్దళం కింద మొహం ఎట్లా ఉందో గాని, కాటుక కళ్లు మాత్రం పెద్దవయ్యాయి. ఇరవై ఫోన్లు పైకి లేచి అతని వైపే చూస్తున్నాయి. ముందు వరుసలో అత్తగారి వాళ్లు. ఎడమ వైపు కార్ఖానా. స్టీఫెన్ పెట్టె మాత్రం ఆగకుండా ఒక్క శ్రుతి మీదే మోగుతోంది.

ఆహా, అనుకున్నాడు దశరథం. నిలబడు. నేను నిలబడ్డట్టే నిలబడు. అతని ప్రాణం చల్లబడింది. ఇంకొక్క నిమిషం, ఎవడో ఒకడు ఈల వేస్తాడు, ఎవడో నవ్వుతాడు, ఇక పదేళ్లు ఈ ఊళ్లో నవ్వుతూనే ఉంటారు.

ఎవరూ నవ్వలేదు. రాజు చేతులు ఏం చేసుకోవాలో తెలియక ముందుకు చాచి, తెరిచి, చూపించాడు. పాట లేకుండా, రాగం లేకుండా అన్నాడు.

"నేను తియ్యలే."

మైకులో అది ఊరి చివరిదాకా వినిపించింది.

"నేను తియ్యలే. నా దాంట్ల బువ్వనే ఉన్నది. పొద్దున మా ఇంటామె పెట్టిన బువ్వ. సూస్కోండ్రి. నేను తియ్యలే."

దశరథం చేతుల్లో తాళాలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. అవి ప్రతిలో లేని మాటలు. రాంచందర్ పంతులు రాసినవి కావు. కార్తీకంలో, గేటు దగ్గర, తెరిచిన డబ్బా చేతిలో పట్టుకుని తాను అన్న మాటలు. మూడుసార్లు అన్నాడు. మూడుసార్లూ ఓంప్రకాశ్ ఫోను చూసుకుంటూనే ఉన్నాడు. వినలేదనుకున్నాడు దశరథం. విన్నాడన్నమాట. ఎక్కడో దాచుకున్నాడు.

జనంలో ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకుంటున్నారు. కార్ఖానా వరుసలో ఎవరూ ఏడవలేదు. వాళ్లు మెడలు తిప్పి వెనుక గోడకు ఆనుకున్న సత్తమ్మను చూస్తున్నారు.

తరువాతి మాట భటుడిది. కొండల్ బిక్కమొహం వేసి చూస్తుంటే, అలవాటైన నోరు గనుక దశరథం అందించాడు. ఆట సాగింది. ఆఖరి రంగంలో శత్రువును కట్టి తెచ్చారు. రాజు వెనక్కి చెవి ఇచ్చాడు, ఈసారి భయంగా. "విప్పరా కట్లు," అని అందించాడు దశరథం. "విప్పరా కట్లు, వానికి నీళ్లియ్యరా," అని పాడాడు రాజు. పది కాకముందే మంగళహారతి పాడారు.

"ఏం యాక్టింగ్ సేటు," అని జనం ఓంప్రకాశ్‌ను చుట్టుముట్టారు. "పాట ఇడిసిపెట్టి మాట అన్నరు సూడుండ్రి, పానం గుంజింది."

తెర వెనుక కూర్చుని దశరథం అదంతా విన్నాడు. లోపల మండిపోయింది. అవమానం చేద్దామని నోరు మూసుకుంటే, అదే వాడికి మెప్పు తెచ్చింది. అదీ తన మాటలతో. ఇంతకంటే ఏం కావాలి.

కొంతసేపటికి ఓంప్రకాశ్ లోపలికి వచ్చాడు. వేషం విప్పక ముందు పంతులు కాళ్లకు మొక్కడం ఆనవాయితీ. వంగాడు. దశరథం కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

ఓంప్రకాశ్ వంగినవాడు అట్లాగే కింద కూర్చున్నాడు. పాత గుడ్డను కొబ్బరినూనెలో ముంచి చెంప మీది అర్దళం తుడవడం మొదలుపెట్టాడు.

"మీరు కావాల్నని అందియ్యలే," అన్నాడు.

"ఔ."

"నాలుగు వందల మంది ముంగట."

"నాకు ఇరవై మందే. కని దినాం మొహాలు సూసుకునెటోళ్లు."

గుడ్డ చెంప మీద ఆగింది. సగం మొహం రాజుది, సగం మొహం సేటుది. "నాకు దరువు రాలే. ఏం రాలే. మీరు ఆ దినం అన్నదే నోట్లెకొచ్చింది. ఎట్లొచ్చిందో తెల్వది."

"అవి నా మాటలు," అన్నాడు దశరథం. "అడుగకుంట తీసుకున్నవ్."

ఓంప్రకాశ్ గుడ్డను మళ్లీ నూనె గిన్నెలో ముంచాడు. "రీళ్లు దొరికినయి," అన్నాడు చివరికి.

"ఎరుకనే. సత్తమ్మ చేతికే ఇస్తివి గద."

"ఎట్ల చెప్పాల్నో తెల్వలే పంతులు."

"ఆట అయిపోయింది," అన్నాడు దశరథం, ప్రతిని చంకలో పెట్టుకుని లేస్తూ. "నేను ఇగ పంతుల్ని కాదు సేటు. పొద్దున ఎనిమిదింటికి వస్త."

ఇంటికి పోతూ దారిలో అతను అనుకున్నది ఇది. ఇన్ని రోజులూ ఈ కథలో కష్టపడ్డ రాజు తానే అనుకున్నాడు. కష్టపడ్డవాడు మెత్తబడతాడా, గట్టిపడతాడా అని తనను తానే అడుగుతూ వచ్చాడు. కానీ ప్రతిలో తాను రాజు కాదు. మూట విప్పించుకున్న ముసలి కూలివాడు తాను. మొదటి రంగం తరువాత రాంచందర్ పంతులు ఆ కూలివాడి గురించి ఒక్క అక్షరం రాయలేదు. రాజు పన్నెండేళ్లు తిరిగి మారి వచ్చాడు సరే, ఆ ముసలివాడి ఇంటికి వెళ్లి, నువ్వు తియ్యలేదని చెప్పాడా? ముప్పై ఏళ్లు ఆ ప్రతిని పెట్టెలో దాచుకున్నవాడికి ఆ లోటు ఇప్పుడు కనిపించింది. గురువు మీద కూడా కోపం వచ్చింది.

తెల్లవారి దశరథం గూట్లోని డబ్బా తీసి, బూజు దులిపి, సత్తమ్మ ముందు పెట్టాడు.

"బువ్వ పెట్టు."

సత్తమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "మెత్తవడ్డవా?"

"లేదు," అన్నాడు. "గేటు కాడ ఆయన ముంగట పెట్టి, నేనే విప్పుత. దినాం విప్పుత. సూసుకోమంట."

గేటు దగ్గర ఓంప్రకాశ్ లేడు. లోపల ఏదో తేడాగా ఉంది. గుమ్మంలోకి వచ్చాక తెలిసింది, మోత లేదు. ఈ వేళకు మోగుతుండవలసిన సాంచాలు ఇరవై నాలుగూ ఆగి ఉన్నాయి. పనివాళ్లంతా వరుసల మధ్య గుంపుగా నిలబడ్డారు. ఓంప్రకాశ్ మెయిన్ స్విచ్చు కింద నిలబడి ఉన్నాడు. చెవుల వెనుక అర్దళం ఇంకా పోలేదు. సత్తమ్మ దశరథాన్ని దాటుకుని వెనుక తన కండెల మిషను దగ్గరికి వెళ్లి కూర్చుంది.

ఓంప్రకాశ్ దశరథాన్ని చూశాడు, అతని చేతిలోని డబ్బాను చూశాడు.

"కార్తీకంల జరీ రీళ్లు పోయినయంటి గద," అన్నాడు, నేల చూస్తూ. "పోలే. నేనే పూజకు పెట్టి మరిచిపోయిన. పటం ఎనుక దొరికినయి. దొరికినంక గుడ చెప్పలే. ఆ దినం దశరథం..."

ఆగాడు. నోరు తెరిచాడు, మూశాడు. ఇరవై మంది చూస్తున్నారు. నిన్నటిలాగే మెల్లగా తల తిప్పి, దశరథం వైపు చెవి ఇచ్చాడు.

దశరథం వెంటనే మాట్లాడలేదు. అబద్ధం ఎందుకు, అతనికి ఆ నిశ్శబ్దం రుచిగా ఉంది. మూడు నెలల ఆకలి తరువాత మొదటి ముద్దలా ఉంది. మనసులో ఆది తాళం ఒక చుట్టు పూర్తిగా వేసుకున్నాడు. సేటు నుదుటి మీద చెమట పట్టడం చూశాడు. అది కారి కనుబొమ్మ దాకా వచ్చేదాకా చూశాడు.

"తియ్యలే," అని అందించాడు.

"దశరథం తియ్యలే," అన్నాడు ఓంప్రకాశ్.

"గట్టిగ," అన్నాడు దశరథం. "ఎనుక కూసున్నోళ్లకు ఇనవడాలె."

అందరికన్నా వెనుక, కండెల మిషను దగ్గర, సత్తమ్మ లేచి నిలబడింది.